సంకల్పంలో లేని పేరు

శనివారం సాయంత్రం, తణుకులో మేడమీద రెండు గదుల వాటా. విడాకులు మంజూరై నాలుగేళ్ళయిన హేమశ్రీ ఇంటికి, ఒకప్పటి మామగారు అప్పాజీ కోరుకొండ నుంచి వచ్చారు.

"ఆ కుర్చీ వద్దండి, కాలు ఊగుతుంది. ఇటు మంచం మీద కూర్చోండి."

"పర్లేదులే అమ్మాయ్. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది, అంతే. కింద ఒకావిడ ఆపింది, ఎవరు మీరు అని."

"జ్ఞానమ్మగారు. ఇల్లు ఆవిడదే."

"పాప తాతనని చెప్పాను. అలాగా అని, ఒకసారి ఎగాదిగా చూసి తలుపేసుకుంది."

"పొద్దున్నే ఐదున్నరకి నేను ల్యాబ్‌కి వెళ్ళిపోతే, పాపని లేపి, జడలేసి, స్కూలు ఆటో ఎక్కించేది ఆవిడే. మీ పిటిషన్‌లో ఆవిడ కూడా ఉంది కదండి. 'బిడ్డను పరాయివాళ్ళ పాలు చేసి' అని."

"అది లాయరు రాసిన మాట."

"సంతకం మీ అబ్బాయిది."

"కాసిని మంచినీళ్ళివ్వమ్మా."

"ఇదిగోండి. ఆ సంచేంటి?"

"సున్నుండలు. పాపకని మీ అత్తయ్య చేసిచ్చింది."

"మా అత్తయ్యగారా?"

"అదే, మా ఇంటావిడ. నాలిక మీద అలా నిలిచిపోయింది, ఏం చెయ్యను. నువ్వు మాత్రం ఏమని పిలుస్తున్నావు నన్ను?"

"ఇంకా ఏమీ పిలవలేదండి. అప్పటినుంచీ అదే చూసుకుంటున్నాను."

"మావయ్యగారూ అనే అను. ఆ పిలుపుని కోర్టు కొట్టెయ్యలేదు."

"సంచి బల్ల మీద పెట్టండి మావయ్యగారూ. తింటుందో లేదో."

"తినకపోవడమేంటి? సున్నుండంటే చెయ్యి కడుక్కునేదాకా కూడా ఆగదు."

"పోయిన నెల దాకా."

"ఇంతకీ పాపేది?"

"ట్యూషన్‌కి వెళ్ళింది. ఆరింటికి వస్తుంది."

"అయితే అరగంటుంది. అది వచ్చేలోపు మాట్లాడేసుకుందాం. కాగితం తెచ్చాను. నీ లాయరుకి కూడా వాట్సాప్‌లో పంపారట, చెప్పాడా?"

"చదివి వినిపించారు. మీరు కూడా ఒకసారి చెప్పండి, మీ నోటితో వింటాను."

"ఏముంది, రాజీ. పాప ఖర్చుకిచ్చే డబ్బు పెంచమని నువ్వు వేసిన పిటిషన్ నువ్వు తీసేసుకుంటావు. పాపని మాకే అప్పగించమని వాడు వేసింది వాడు తీసేసుకుంటాడు. నాలుగేళ్ళ కిందటి ఆర్డరే నడుస్తుంది. పాప నీ దగ్గర. రెండో శనివారం, ఆ మర్నాడు మా దగ్గర. సెలవుల్లో సగం."

"నేను స్కూలు ఫీజు పెరిగిందని అడిగాను. ఆయన పాపనే లాక్కుంటానన్నారు. రెండూ ఒకదానికొకటి చెల్లా మావయ్యగారూ?"

"చెల్లు అని నేనన్నానా?"

"కాగితంలో అలాగే ఉంది. ఒక లైను కింద ఒక లైను. నాకు నోటీసు అందిన తేదీ, ఆయనకి అందిన తేదీ చూసుకోండి. నేనడిగిన పది రోజులకి ఆయనకి కూతురి మీద ఆపేక్ష పుట్టింది."

"వాడి సంగతి నాకు తెలీదా? తెలిసే వచ్చాను. సోమవారం వాయిదా దాకా పోనివ్వకు అమ్మాయ్. పోనిస్తే నీకే నష్టం."

"బెదిరిస్తున్నారా?"

"నేను ఎవర్ని బెదిరించగలను? ఉన్నది చెప్తున్నాను. వాళ్ళ లాయరు ఏం చూపిస్తాడు? సొంతిల్లు. నానమ్మ. తండ్రి. చిన్న తమ్ముడు. ఇంటినిండా మనుషులు. నీ వైపు ఏముంది? తెల్లారకుండా ల్యాబ్‌కి పరిగెత్తే ఒక మనిషి, కాలు ఊగే కుర్చీ. పైగా మొన్న రెండో శనివారం పాపని పంపలేదని కూడా రాశారు."

"నేను పంపకపోవడం కాదు. అది రానంది. కడుపునొప్పంది. మీ అబ్బాయి కారు వీధి మలుపు తిరిగి వెళ్ళిపోగానే తగ్గిపోయింది."

"ఎందుకలాగ?"

"మీరు చెప్పండి."

"నాకేం తెలుసు? ఇదిగో, నేను కూడా బోనెక్కుతున్నాను సోమవారం. అది కూడా ఆలోచించుకో."

"నా భయమంతా అదేనండి."

"నేనంటే భయమా నీకు?"

"మీరు అబద్ధం చెప్పరు కదా, అదీ భయం. ఆరేళ్ళున్నాను మీ ఇంట్లో. ధాన్యం కొనడానికి వచ్చినవాడు చెయ్యి పెట్టి చూడకముందే, తడుందయ్యా అని మీరే చెప్పేసేవారు. పెద్దల్లో కూర్చున్న రోజు కూడా, తప్పు మావాడిదే అన్నది మీరొక్కరే. ఆ మాట మీద గౌరవంతోనే అప్పుడు నేను పరస్పర అంగీకారం అని సంతకం పెట్టాను. లేకపోతే పెట్టేదాన్ని కాదు."

"గుర్తుంది."

"పాప మా ఇంట్లో సుఖంగా ఉంటుందని మీరంటే జడ్జిగారు నమ్ముతారు. జడ్జిగారిదాకా ఎందుకు, నేనే నమ్ముతాను. మీ అఫిడవిట్ విన్నాను. 'పాప సత్యహాసిని మా కుటుంబంలో ఒకతె. పూజలకీ శుభకార్యాలకీ ఇంటి బిడ్డగా మాతోపాటే కూర్చుంటుంది. పోయిన నెల అన్నవరంలో వ్రతానికి కూడా కూర్చుంది' అని ఉంది."

"కూర్చుంది కదా మరి."

"కూర్చుంది. పెన్ను ఉందా?"

"ఉంది, ఉంది. ఇదిగో. రెండు చోట్ల పెట్టాలి, ఇక్కడా, వెనకాలా."

"పెడతాను. పాప నా దగ్గరుంటే చాలు, ఫీజు సంగతి ఇంకో రెండిళ్ళకి వెళ్ళి రక్తం శాంపిల్స్ తీస్తే తీరుతుంది. కానీ ముందు ఒకటి అడుగుతాను."

"అడుగు."

"అన్నవరం నుంచి వచ్చిన రోజు ప్రసాదం పొట్లం ఆకు విప్పకుండానే తెచ్చింది. ఎప్పుడూ కొండ దిగేలోపే ఆకు కూడా నాకేసే పిల్ల. తినవేమే అంటే, అది వాళ్ళదమ్మా అంది."

"చిన్నపిల్ల, ఏదో అంటుంది."

"గోత్రం అంటే ఏంటమ్మా అని అడిగింది. చెప్పాను. అది పుట్టినప్పుడే ఇస్తారా, మళ్ళీ తీసేసుకుంటారా అనడిగింది."

"ఆ ఫ్యాను కొంచెం పెంచుతావా?"

"అది అంతే తిరుగుతుందండి. సంకల్పంలో పంతులుగారు అందరి పేర్లూ చదివారట. నాన్న పేరు, పిన్ని పేరు, బాబు పేరు, తాతయ్య, నానమ్మ, పిన్ని పుట్టింటివాళ్ళు. అన్నీ వరసగా ఒప్పజెప్పింది నాకు. నా పేరు మర్చిపోయారమ్మా, అంది. మళ్ళీ తనే, పాపం పంతులుగారికి చాలామంది ఉంటారు కదా, అని ఆయన్ని వెనకేసుకొచ్చింది."

"ఆ రోజు జనం ఎక్కువమ్మా. ఒకళ్ళు లేవకుండానే ఇంకొకళ్ళని కూర్చోబెట్టేస్తున్నారు. హడావిడి."

"హడావిడిలో బాబు పేరు గుర్తుంది. వాడికి ఎనిమిది నెలలు."

"ఇప్పుడా లెక్కలెందుకు?"

"పంతుళ్ళు వాళ్ళంతట వాళ్ళు పేర్లు చదవరు కదండి. మనవాళ్ళు చెప్తేనే చదువుతారు. ఎవరు చెప్పారు?"

"ఎవరో ఒకళ్ళు పెద్దవాళ్ళు చెప్తారు."

"ఎవరు?"

"సంతకం పెడతానన్నావు."

"పెడతానండి, పెన్ను చేతిలోనే ఉంది. మీ అబ్బాయే కదా? ఆయనే అని చెప్పెయ్యండి. నాకేం కొత్త కాదు. స్కూల్లో చేర్చిన రోజు అప్లికేషన్‌లో పాప పుట్టినతేదీ కూడా నన్నే అడిగి రాసిన మనిషి."

"వాడు కాదు."

"అయితే ఆవిడ."

"ఆ అమ్మాయిని అనకు. పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పూజయ్యేదాకా తలెత్తలేదు."

"మరి?"

"నేనే చెప్పాను."

"మీరు మర్చిపోయారా?"

"మర్చిపోయాను అని చెబుదామనే వచ్చాను. బస్సులో అదే అనుకున్నాను, మెట్లెక్కుతూ అదే అనుకున్నాను."

"మావయ్యగారూ."

"ఆ పేరు పెట్టిందే నేను. కొండ మీద మొక్కుకుంటే పుట్టిందని, స్వామి పేరు ముందుండాలని, సత్యహాసిని అని బియ్యంలో రాసింది నేను. దాన్నెలా మర్చిపోతాను?"

"మరెందుకు చెప్పలేదు?"

"కొత్త వియ్యంకుడు దొరబాబుగారు వాళ్ళ అన్నదమ్ముల్ని, బావమరుదుల్ని అందర్నీ తీసుకొచ్చాడు. రెండో సంబంధమని వాళ్ళకి తెలుసు. పిల్ల ఉందని తెలీదు. మావాళ్ళ ముందు ఆ ఊసెత్తకండి బావగారూ అని ముందురోజే ఫోన్ చేశాడు."

"అలాంటప్పుడు పాపని తీసుకెళ్ళడమెందుకు?"

"రెండో శనివారం కదా. ఆ వంతు వదిలేస్తే, తండ్రికి పిల్ల అక్కర్లేదని నువ్వు కోర్టులో రాయిస్తావని లాయరు అన్నాడు."

"అంటే ఆర్డరు కోసం తీసుకెళ్ళారు."

"అలా అనకు."

"ఎలా అనమంటారు?"

"నాకూ తెలీదు. వ్రతానికి రమ్మంటే అది కొత్త పరికిణీ కట్టుకొచ్చింది."

"నేనే కుట్టాను. సరే, పేరు చెప్పలేదు. అంతేనా?"

"అంతే అయితే నీకింత చెప్పేవాణ్ణి కాదు. ఆ పంతులుగారు మంచాయన. అక్షింతలిస్తూ పాప దగ్గర ఆగాడు. ఈ పాప పేరు చెప్పలేదే, ఎవరి పాపండీ అనడిగాడు."

"ఎవర్ని అడిగారు?"

"నన్నే. దొరబాబుగారు నా వంకే చూస్తున్నాడు. వీడు, నా కొడుకు, కంకణం సర్దుకుంటున్నాడు."

"మీరేమన్నారు?"

"చుట్టాల పిల్లండి, అన్నాను."

"ఈ పెన్ను మూతేదండి?"

"తిట్టమ్మా. ఏదో ఒకటి అను."

"కింద జ్ఞానమ్మగారికి తాతనని చెప్పారు."

"చెప్పాను."

"ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి, మీ చుట్టాలెవరూ ఆవిడకి తెలీదు. ఇక్కడైతే ఇబ్బంది లేదు."

"కలశం ముందు కూర్చుని అన్నానమ్మా. ముప్పై ఏళ్ళుగా ఏటా చేసుకుంటున్న వ్రతం. ఆ కథలో వర్తకుడు, పడవలో ఏముందయ్యా అంటే ఆకులూ అలములూ అంటాడు. అన్నట్టే అయిపోతుంది. ముప్పై ఏళ్ళూ విని, అక్షింతలేసుకుని, ఇంటికొచ్చేశాను. అది ఎవరి కథో ఒక్కసారైనా అడగలేదు. ఆ రోజునుంచీ అన్నం సహించట్లేదు. నిజంగా అన్నట్టే అయిపోతుందంటావా?"

"నన్నడిగితే ఏం చెప్పనండి? నేను పీట మీద లేను. మీ కాగితం మీరు తీసుకోండి. పెన్ను కూడా."

"సంతకం?"

"పెట్టను."

"తొందరపడకు. పాప పోతుంది."

"సోమవారం మీరు బోనెక్కండి. మా లాయరుతో ఒక్క ప్రశ్న అడిగిస్తాను. పంతులుగారు పాప ఎవరని అడిగితే మీరేమన్నారు, అని."

"అది అడిగితే నేను..."

"అబద్ధం చెప్పలేరు. తెలుసు."

"దొరబాబుగారి మనుషులకి తెలిసిపోతుంది. ఆ పిల్ల కూడా పసివాణ్ణి చంకనేసుకుని పుట్టింటికి పోతే? నీకు జరిగిందే ఇంకొకత్తికి జరగాలా? ఆలోచించు."

"అదంతా నేనే ఆలోచించాలా? మీకంత కష్టంగా ఉంటే బోనులో కూడా ఇంకో మాట చెప్పెయ్యండి. కొండ మీద చెప్పినవారికి కోర్టులో ఏం కష్టం?"

"ఆ మాట పడాల్సిందే నేను. పడతాను. అడిగించు. ఏం చెప్తానో నాకే తెలీదు, కానీ అడిగించు. ఒక్కటి మాత్రం నా కోసం చెయ్యి."

"ఏంటది?"

"పాపకి చెప్పకు. పేరు మర్చిపోయారనే అనుకోనీ. పంతులుగారి మీద కోపం పెట్టుకుంటే పెట్టుకుంటుంది, పోతుంది. నేనన్న మాట అది వినలేదు. గంట మోగుతోంది. కొబ్బరిచిప్ప పట్టుకుని అటెటో చూస్తోంది."

"చూశారా మీరు దాని మొహం?"

"చూళ్ళేదు. కానీ వినలేదమ్మా. వింటే నీతో చెప్పదా? ఏ మాటైనా నీ దగ్గర దాస్తుందా అది?"

"ఇన్నాళ్ళూ దాయదనే అనుకున్నాను."

"అదుగో, మెట్ల మీద చప్పుడు. అదే కదూ? కళ్ళు తుడుచుకో. నేను నవ్వుతూనే ఉంటాను. హాసినీ, రామ్మా, ఎవరొచ్చారో చూడు."

"చుట్టాలొచ్చారా అమ్మా? మంచినీళ్ళిచ్చావా?"