సంబంధం అన్న గడి

పరాయి దేశంలో, క్లెమెంటి అనే పేటలో ఓ అద్దె గది. రెండు మంచాలు, ఒకటే బీరువా. తన్మయి, భువన ఒకే ప్రొఫెసర్ మేడమ్ దగ్గర చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నారు.

"సూట్‌కేస్ ఇంకా దించలేదేందే? బుడాపెస్ట్ పోయేదానివి, సర్దుకోవా?"

"అది తర్వాత. ముందు ఇది చూడు, భువనా."

"నాకెందుకు చూపిస్తున్నవ్? సెలెక్టయింది నువ్వు. హంగేరియన్ రెండేండ్ల సంది నేర్చుకుంటున్న నేను. నువ్వెంత? ఎనిమిది నెలలు. అదీ ఫోన్ల యాప్ పెట్టుకొని."

"అలా అనకే..."

"లేదు లేదు, హ్యాపీనే. మస్తు హ్యాపీ. మేడమ్‌కి నీ ప్రజెంటేషన్ నచ్చింది, నీ నవ్వు నచ్చింది. నేను ఈడనే పాత కాగితాలు స్కాన్ చేసుకుంట ఉంట. చెప్పు, ఏం చూడాలె?"

"యారో క్రాస్ పార్టీ ఫైల్. హంగేరీ ఫాసిస్టులు. పంతొమ్మిది వందల నలభై నాలుగు, నవంబర్. వాళ్ళు గద్దెనెక్కి నెలైంది. పార్టీ ఆఫీసుకి ఎవరో ఒకావిడ రాసిన ఉత్తరం. నాకు సగమే అర్థమైంది."

"ఓహో! ఇప్పుడు యాదికొచ్చిన్నా నేను?"

"చదవ్వే, ప్లీజ్."

"ఇటు తే. 'నాకు ఆమెతోటి ఏ పంచాయితీ లేదు. దేశం మంచి కోసం రాస్తున్న. మూడో అంతస్తుల బట్టలు కుట్టే ఆమె యూదురాలు. వంటగదిల అల్మారా వెనకాల తమ్ముణ్ణి దాచింది.' గింతే. ఇందుల కష్టమేముంది?"

"అల్మారా వెనక అని ఈవిడకెలా తెలుసు?"

"పక్కింటామె గద. రోజూ పోయి కాఫీ తాగుకుంట కూసుంటుండొచ్చు."

"మరి ఎందుకు రాసింది?"

"కింద చూడు. 'ఆమె కుట్టుమిషను నాకు ఇప్పించగలరు' అట. ఛీ! కడుపుమంట."

"గోడల నిండా పోస్టర్లు వేశారు కదే, దేశం కష్టాలన్నిటికీ యూదులే కారణమని. పచ్చి అబద్ధం. ఈవిడ నమ్మిందో లేదో కూడా డౌటే. పనికొచ్చింది, వాడుకుంది."

"తర్వాత ఏమైందట?"

"పైన పెన్సిల్‌తో ఉంది. 'ఇద్దరినీ తీసుకెళ్ళాం.' అంతే."

"అయ్యో."

"క్యాటలాగ్ ఫారమ్ నింపుదాం. రాసినవాళ్ళ పేరు... లేదు. ఎవరిమీద... బట్టలు కుట్టే ఆవిడ. రాసినవాళ్ళకి ఆవిడతో సంబంధం?"

"పక్కింటామె. రాసెయ్."

"రాశా. ఇంకో ఫారమ్ ఉంది."

"ఇంకో ఉత్తరమా?"

"మెయిల్. మంగళవారం మేడమ్‌కి వచ్చింది, పేరు లేకుండా. 'నాకు తన్మయితో ఏ గొడవా లేదు, యూనివర్సిటీ మంచి కోసం రాస్తున్నా. తన గదిలో బీరువా తలుపు లోపల యారో క్రాస్ పోస్టర్ అంటించుకుంది, తనకి ఆ పార్టీ అంటే ఇష్టం' అని. నా ట్రిప్ ఆపేశారే. అందుకే సూట్‌కేస్ దించలేదు."

"ఏంది! ఎవరే గా పని చేసింది? నువ్వు దాన్ల అక్షరాలు చదివి రాసుకునేటందుకే గద పెట్టుకున్నవ్!"

"అది నీకు తెలుసు."

"సరోజిని ఆంటీ చూసిందేమో. ఇల్లు ఆమెదే గద."

"ఆంటీ గోల చేస్తుందనే లోపలివైపు అంటించా, నా చున్నీల వెనక. అయినా ఆంటీకి ఆ పచ్చ సిలువ మందుల షాపు గుర్తులా కనిపిస్తుంది! యారో క్రాస్ అని ఆవిడకేం తెలుసు?"

"అంటే... నా మీద డౌటా? నా మీదనా? నీకు డెంగీ వస్తే జావ కాచి తాపించింది ఎవరే?"

"నువ్వే. పది రోజులు. మర్చిపోలేదు."

"మరి?"

"మరేం లేదు. నన్నెవరూ తీసుకెళ్ళలేదు, నాదేం వాళ్ళంత కష్టం కాదు. ట్రిప్పే కదా."

"అయితే... ఇప్పుడు మేడమ్ ఎవర్ని పంపిస్తదట?"

"ఎందుకే?"

"ఊరికెనే అడిగిన."

"నిన్నే. కుట్టుమిషను నీకే ఇప్పించారు."

"తన్మయీ, నేను... గిట్లయితదనుకోలే. ఒట్టు. మేడమ్‌కి చెప్పినవా?"

"చెప్పలేదు. చెప్పను. పేరు గడి ఖాళీగానే వదిలేస్తా. ఈ సంబంధం అన్న గడే, ఎంత ఆలోచించినా నా చెయ్యి ఆడట్లేదు. ఇదిగో పెన్ను. నువ్వే రాయి."