కూతురన్న మాట

జమ్మలమడుగు దాటగానే బస్సును ఆపి వెతికిన మనుషులు మళ్లీ జీపెక్కి వెళ్లిపోయారు. పోలింగు నాడు భర్తను నరికినవాళ్ల మీద సాక్ష్యం చెప్పడానికి ప్రొద్దుటూరు కోర్టుకు పోతున్న ఎస్తేరమ్మ, పక్కసీటు ముసలామె వైపు తిరిగింది.

“నేనెవరో నీకు తెలీదే. నీ కూతురని యాల చెప్పినావు పెద్దమ్మా?”

“వాళ్లు ఎవరికోసం ఎతుకుతాండారో నీ మొగం చూస్తానే తెల్సిపాయ.”

“వాళ్లు నమ్మినారు, అదే పదివేలు.”

“నమ్మలేదు పాపా. ముందర నిలబడినోడు నా తమ్ముని కొడుకే. నాకు బిడ్డల్లేరని వానికి బాగా తెల్సు.”

“మరి యాల ఇడిచిపెట్టినాడు?”

“వాన్ని ఎత్తుకొని పెంచింది నేను. నిన్ను ముట్టాలంటే ముందు నన్ను దాటాల. ఇంతమంది ముందర వానికి అంత ధైర్యం యాడిది?”

“ఇంటికి పోతే నిన్ను ఊరికే ఇడుస్తాడా?”

“ఇడవడు. రానీ, చూస్తా. నీకు భయంగా ఉండాదా?”

“ఇంతసేపూ ఉన్నింది. ఇప్పుడు లేదు. కానీ పెద్దమ్మా, ఆ పొద్దు కొడవలి పట్టినోళ్లలో వాడూ ఉన్న్యాడు. జడ్జి ముందర వాని పేరూ చెప్తా.”

ముసలామె ఎస్తేరమ్మ చెయ్యి పట్టుకుంది.

“గట్టిగా చెప్పు. నేనూ వచ్చి ఎనక బెంచీలో కూర్చుంటా. వాడు నన్ను చూడాల.”