కుంపటి తిన్న గాలి

(1939, పుష్యమాసపు చలి. నగరంలోని జహనుమా బస్తీలో పాలు అమ్మి బ్రతికే కుటుంబపు ఇల్లు. పెద్దకూతురు చంద్రమ్మ పసిబిడ్డతో పడుకొన్న గది తలుపు మూసి, దానికి అడ్డంగా తల్లి సత్తెమ్మ కూర్చున్నది. ఎదుట, కాలేజీలో రసాయనశాస్త్రం చదివే చిన్నకూతురు కమల.)

“జరుగమ్మా, తలుపు తీస్త.”

“ముట్టినవంటె చెయ్యి ఇరగ్గొడ్త. బాలింతకు సలిగాలి తగిల్తె ఏమైతదో ఎరుకనా నీకు?”

“కిటికి సందులల్ల మట్టి మెత్తినవ్. గడప కింద గోనెసంచి కుక్కినవ్. లోపల బొగ్గుల కుంపటి. ఇగ అక్క ఊపిరి యాడికెల్లి తీస్కోవాలె?”

“గది నిండ గాలి లేదా ఏంది?”

“ఉన్నది. గాలిని ఐదు పాళ్లు చేస్తె నాలుగు పాళ్లు నత్రజనే. అది పీల్చి మనం బతుకం. బతికిచ్చేది మిగిలిన ఒక్క పాలే. గా ఒక్క పాలును అక్క పీలుస్తది, పసిది పీలుస్తది. కుంపటి ఇద్దరికంటె ఎక్కువ తింటది.”

“నిప్పు గాలి తింటదట! పరదా కట్టిన బండ్ల కాలేజికి పోయి నేర్సుకొచ్చింది గిదేనా? బర్రెలకు కుడితి పెట్టిందెవరు ఇయ్యాల?”

“నేనే పెట్టిన. మాట మార్చకు. ఇందాక అక్కకు కాయం మందు తినవెట్టనీకి లోపలికి పోయినవ్ గద, దీపం సూసినవా? నూనె నిండుగ ఉన్నది, వత్తి కొత్తది. ఎందుకు కొడిగట్టింది?”

“దిష్టి. పక్కింటి వైకుంఠం పెండ్లాం నిన్న వచ్చి పసిదాన్ని సూసిపోయింది.”

“దిష్టైతె తలుపు తీసినా గట్లనే ఉంటది. తీసి సూద్దాం.”

“నా ఇంట్ల నీ పరీక్షలు వద్దు.”

“కమలా... తల పలుగుతున్నదే...”

“ఇన్నవా? అక్క పొద్దుగాలకెల్లి గదే మాట.”

“కాన్పైనంక తల నొయ్యదా? గీ గదిలనె నాకు నొయ్యలేదా?”

“అమ్మా, గాలి సాలక బొగ్గు సగం సగం కాలితె ఇంకో గాలి పుడ్తది. వాసన ఉండదు. నెత్తురుల జొరబడి ప్రాణవాయువుకు జాగ ఇయ్యదు. మనిషి నిద్రలనె పోతడు. లొల్లి లేదు, ఏడుపు లేదు. మొగం గూడ వాడదు, ఎర్రగ—”

“ఏమన్నవ్?”

“నిద్రలనె పోతడన్న.”

“గది గాదు. మొగం.”

“ఎర్రగుంటది. బతికున్నట్టె. కొడ్తవో, ఇంట్లకెల్లి ఎల్లగొడ్తవో, నేనైతె తీస్తున్న!”

“జరుగు.”

“జరుగను!”

“జరుగే! ఇప్పుడు అడ్డమున్నది నువ్వే. తలుపు నేను తీస్త. చంద్రీ, లే బిడ్డా, పసిదాన్ని ఇటియ్యి! కమలా, కుంపటి వాకిట్లకు గుంజు!”

“గుంజిన. ఏడుస్తున్నదమ్మా, పసిది ఏడుస్తున్నది!”

“ఏడువనీ. మంచిగ గట్టిగ ఏడువనీ. గడ్డపార తే.”

“గడ్డపారెందుకు? మట్టి గోకి కిటికి తెరిస్తె సాలు.”

“మల్ల ఎవరు మూయకుంట పలగ్గొడ్త. నీ అన్నలిద్దరు గీ గదిలనె పోయిన్రు, సలికాలంల. బుగ్గలు ఎర్రగ, నిద్రల నవ్వుతున్నట్టె ఉండిరి. మీ అక్కచెల్లెండ్లు ఎండకాలంల పుట్టిన్రు కమలా, నేను కుంపటి పెట్టలే.”