సైదబ్బ తీయలేకపోయిన ఒక్క పరుగు

అస్సలాము అలైకుం. అధ్యక్షస్థానంలో ఉన్న మొయిదు హాజీ గారికి, పరదా అవతల కూర్చున్న అమ్మలకు, అక్కలకు, నా మాటలకంటే బిర్యానీ వాసన మీదే ధ్యాస పెట్టిన మా ఉళ్ళాల జట్టు మిత్రులకు, ఇవాళ్టితో ఆటకు వీడ్కోలు చెబుతూ శాలువా కింద పెళ్లికొడుకులా చెమటలు కక్కుతున్న సైదబ్బకు నా సలాములు.

హాజీ గారు ఐదు నిమిషాలే ఇచ్చారు. సైదబ్బ ఇరవై రెండేళ్ల సిక్సర్లు అందులో ఎలా పడతాయి? సగం బంతులు ఇప్పటికీ హాజీ గారి కొబ్బరితోటలోనే ఉన్నాయి, దయచేసి ఇప్పించండి. (నవ్వులు) మూడింటికి వీడ్కోలు మ్యాచ్ కూడా ఉంది కాబట్టి, గొంతులో ఇన్నాళ్లూ అడ్డం పడ్డ ఒక్క మాట చెప్పి దిగిపోతాను.

ఇతని పెళ్లైన ఐదో రోజు జిల్లా జట్టుకు ఎంపిక మ్యాచ్. ఓపెనర్ చోటు ఒక్కటే ఖాళీ, ఆశపడ్డవాళ్లం ఇద్దరం. కొత్త అల్లుడు అత్త వడ్డించింది వద్దనకూడదు కదా, ఆ పొద్దున బీపాతుమ్మత్త పత్తిరి రొట్టెలు, కోడికూర, మాంసం పులుసులో ఉడికిన బియ్యప్పిండి ఉండలు, మళ్లీ అవే ఉండలు, ఆపైన నేతి పాయసం పెట్టి పంపింది. ఇతని నడక చూసి అంపైర్ కుర్చీ తెప్పించాడు. మొదటి రెండు బంతులూ సిక్సర్లే. మూడోదానికి ఒక్క పరుగు తీయాల్సి వచ్చింది. మహానుభావుడు పిచ్ మధ్యలో మోకాళ్లు పట్టుకుని ఆగిపోయి, అవతలి కొస నుంచి పరుగెత్తుకొస్తున్న నాతో, "నువ్వు వెళ్లు మోనూ, నేను మెల్లగా వస్తా" అన్నాడు. (నవ్వులు) రనౌట్. నేను ఒక్కొక్క పరుగే తీసి ఎంపికయ్యాను. వెళ్లి, రెండు మ్యాచ్‌ల్లో నాలుగు పరుగులు చేసి, తిరిగొచ్చాను.

ఊరంతా బీపాతుమ్మత్తను ఆడిపోసుకుంది. పాపం, ఆవిడ ఆనాటి నుంచి ఏ అల్లుడికీ మారు వడ్డించలేదు. తప్పు ఆవిడది కాదు. ముందురోజు నేనే వాళ్లింటికి వెళ్లి, మావాడు మొహమాటస్తుడు, వద్దంటే నమ్మకండి అని చెప్పొచ్చాను.

నా స్వార్థం సైదూ. నీ చోటు నేను తిన్నాను. ఎన్నిసార్లు చెబుదామనుకున్నా నోరు రాలేదు. నువ్వు మళ్లీ నాతో ఆడవేమోనని భయం. ఇవాళ్టితో ఎలాగూ ఆడవు కదా. అత్తా, మీరూ క్షమించండి.

(పరదా అవతలి నుంచి బీపాతుమ్మ: "ఆ మోనును ఇవాళ నా బంతిలో కూర్చోబెట్టండి. నేనే వడ్డిస్తాను.")

అయ్యో అత్తా, వద్దు, మూడింటికి మ్యాచ్...

(సైదబ్బ లేచి: "వాడు మొహమాటస్తుడు అత్తా. వద్దంటే నమ్మకండి." నవ్వులు, చప్పట్లు)

అందరికీ కృతజ్ఞతలు. మ్యాచ్‌లో నేను మధ్యలో ఆగిపోతే, మెల్లగా వస్తానని సైదబ్బకు చెప్పండి. సెలవు.