వహీద్ భాయ్ ఇచ్చిపోయిన తాళంచెవి

ఏంది బిడ్డా హమ్మాద్, పైసలిచ్చే మిషన్ నా వేలు పడ్తలేదా? సర్వర్ డౌనా? పోనీ తియ్, కూసుంట. మీ దాదా వహీద్ భాయ్ కాలంల ఈ మిషన్లు గిట్ల ఏడున్నయి? మొఖం చూస్తె చాలు ఆయనకు. అప్పుడీ ఫలక్‌నుమా అవతలంత జొన్నచేన్లే. గింత దూరం బ్యాంకోళ్లు ఎవరొస్తరు? మీ దాదాకే బ్యాంకు ఏజెన్సీ ఇచ్చిండ్రు. ఒక్క అర్ర, ఒక్క ఇనుప బీరువా, గంతే. పాలోళ్లు, కూలోళ్లు, నేను, అందరం పైసలు ఆయన చేతులనే పెడ్తుంటిమి. ఛాయ్ మస్తు తాగుతుండె, చక్కెర లేకుంటె మొఖం మాడ్చుకునెటోడు... ఆఁ, ఏం చెప్తున్న?

ఆనాడు శుక్రారం, జుమ్మా నమాజు దినం. పొద్దుగాల్నే లొల్లి లేసింది, బ్యాంకు మునిగిందని. ఎవడు పుట్టిచ్చిండో, వాని నోట్ల మన్నువడ. ఊరంత వచ్చి వాకిట్ల నిలవడ్డది. బర్రె కొనెటందుకు పైసలు దాసుకున్న బాలనర్సింహ గడ్డపార పట్టుకొచ్చిండు. నేను తక్కువనా, అందరికన్న గట్టిగ ఒర్లిన. గంతల్నే అజాన్ అయ్యింది. మీ దాదా ఏనాడు జుమ్మా తప్పలే. ఇప్పుడు పోతే పారిపోయిండంటరు. "కదిలితే కాళ్లు ఇరగ్గొడ్త భాయ్" అన్నడు బాలనర్సింహ. మీ దాదా తలుపు గూడ ఎయ్యలే. సీదా నా దగ్గరికొచ్చి బీరువా తాళంచెవి చేతుల పెట్టిండు. "రమా బెహన్, నేనొచ్చెదాక కూసో" అని పోయిండు.

గడప మీద కూసున్న. నమాజుకు పోయినోళ్లందరు మర్లొచ్చిండ్రు, ఆయన రాలే. బీరువా తియ్యక్కా, తీసి చూద్దామని మీద మీదికొస్తున్నరు. నమ్మి ఇచ్చినంక ఎట్ల తియ్యాలె? తియ్యకుంటె, ఆయన రాకుంటె, నన్నే బొందవెడ్తరు. మస్తు భయమైంది బిడ్డా. ఆఖరికొచ్చిండు, ఉత్త కాళ్లతోని, ఎండకు కాళ్లు కాల్చుకుంట. మసీదు కాడ చెప్పులెవడో ఎత్కపోతె దేవులాడుకుంట ఆగిండంట! పారిపోయెటోడు చెప్పులు దేవులాడ్తడా అని బాలనర్సింహ గడ్డపార కింద పడేసి నవ్విండు. అందరు నవ్విండ్రు, ఇండ్లకు పోయిండ్రు.

జర దగ్గరికి రా, ఇది మీ దాదీకి గూడ చెప్పలే. తాళంచెవి మర్లిస్తుంటె మెల్లగన్నడు, "దాంట్ల ఏం లేకుండె బెహన్. పైసలన్ని పెద్ద బ్యాంకుల ఉన్నయి, అవి తెచ్చే జీపు రాలే." సోమారం జీపు వచ్చిందనుకో, ఎవ్వరి పైసలు పోలే. గానీ ఆనాడు నేను తీసుంటె, ఆయన్ని రాంగనె ఆడ్నే చంపుతుండిరి.

ఏందమ్మా లైన్ల ఎనక లొల్లి? సర్వర్ రాకుంటె పిల్లగాడేం చేస్తడు? ...అజానైంది, ఇన్నవా? ఇయ్యాల జుమ్మా గద. లే బిడ్డా, తాళంచెవి ఇటియ్యి, నువ్వు నమాజు చేసొచ్చెదాక నేను కూసుంట. చెప్పులు పైలం.