పక్క సీటులో బ్రేకు

సభకు అధ్యక్షత వహిస్తున్న పురపాలక చైర్మన్ గారికి, రవాణా శాఖ పెద్దలకు, దుకాణాలు మూసి వచ్చిన వర్తక మిత్రులకు, వెనక వరసల్లో తలుపు దగ్గరగా కూర్చున్న మా టాక్సీ స్టాండు సోదరులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన తనిఖీ అధికారి మేడం గారికి నమస్కారం. టాక్సీ డ్రైవర్ల సంఘం అధ్యక్షుణ్ణి పిలిచి మేడం గురించి మాట్లాడమంటే, ఎలుకను పిలిచి పిల్లి మీద నాలుగు మంచి మాటలు చెప్పమన్నట్టుంది. (నవ్వులు) మా వెనక వరస నవ్వడం లేదు. వాళ్ళు నన్నెందుకలా చూస్తున్నారో చివర్లో చెప్తాను.

మేడం గారూ, మీ చాటున మేం మిమ్మల్ని స్పీడు బ్రేకరమ్మ అనేవాళ్ళం. ఆ సంగతి మీకెప్పుడో తెలుసని మీ నవ్వే చెబుతోంది. సీటు బెల్టు తప్పనిసరి అన్న రోజు మా స్టాండులో జరిగిన గోల అంతా ఇంతా కాదు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని ఒకరు, పొట్టకు పట్టదని ఒకరు, రాసిపెట్టి ఉంటే బెల్టు ఆపుతుందా అని వేదాంతం చెప్పినవారు ఇంకొకరు. చివరికి బెల్టు పెట్టుకోలేదని బండి పెట్టే కూత ఆపడానికి బెల్టును వీపు వెనక నుంచి తిప్పి తగిలించి, దానికి ఆనుకుని దర్జాగా కూర్చున్నాం. మేడం ఒక బండి ఆపి, లోపలికి తొంగి చూసి, "సీటుకి బాగానే కట్టారు బాబూ, ఏదైనా అయితే సీటు క్షేమంగా ఇల్లు చేరుతుంది" అనేసి వెళ్ళిపోయారు. జరిమానా వేసినా అంత సిగ్గేసేది కాదు.

తర్వాత ఆసుపత్రి గేటు నుంచి మార్కెట్ మలుపు దాకా వేగం ముప్ఫై దాటకూడదని బోర్డు పెట్టించారు. ఆ వేగంతో పోతే బండి మీద ఈగలు వాలతాయన్నాం. దిగి నడిస్తే ముందు చేరతామని ప్రయాణికులు సణిగారు. బేరాలు పోతాయని వర్తక మిత్రులు గగ్గోలు పెట్టారు. ఇప్పుడు జనం బెదురు లేకుండా రోడ్డు దాటి అటు షాపులకీ ఇటు షాపులకీ తిరుగుతున్నారు కాబట్టి ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. మందుల షాపు అన్నగారు నా వైపు చూడకుండా ఫ్యాను వైపు చూస్తున్నారు. (నవ్వులు)

మేడం గారిదో పద్ధతి ఉండేది. మితిమీరిన వేగంతో దొరికినవాణ్ణి ఆఫీసు వెనక టెస్టు మైదానానికి తీసుకెళ్ళి, అతని బండిలోనే పక్క సీటులో కూర్చోబెట్టి, స్టీరింగు తాను పట్టి, అతను తోలిన వేగంతోనే మలుపు వైపు తోలేవారు. ఒకసారి మా రాకెట్ బాబాయ్ దొరికాడు. చెయ్యెత్తు బాబాయ్, అందరూ చూస్తారు. అదుగో, ఆయనే. న్యాయం చూడాలని సంఘం తరఫున నేను వెనక సీటెక్కాను. మలుపు దగ్గరపడేసరికి బాబాయ్ కుడికాలు లేని బ్రేకును తెగ తొక్కేస్తోంది. మేడం బండి ఆపి, "చూశారా, మీ కాలికి తెలుసు, మీరే దాని మాట వినడం లేదు" అన్నారు. ఆయన సంగతి సరే, వెనక సీటులో బ్రేకెక్కడుందని నేను తొక్కానో నాకిప్పటికీ అంతుపట్టదు.

బండి దిగాక ఉక్రోషం పట్టలేక, "మా మీద ఇంత పగ ఎందుకండీ?" అని అడిగేశాను. "ఉద్యోగంలో చేరిన కొత్తలో, నుజ్జయిన బండిని పరీక్షించి, పోలీసులతో కలిసి ఆ డ్రైవరు ఇంటికి వెళ్ళాను. తలుపు తీసినావిడ, ఆయన ఇంకా రాలేదు, కూర్చోండమ్మా అంది. కూర్చున్నాను. మళ్ళీ అలా కూర్చోవడం నా వల్ల కాదు బాబూ" అన్నారు.

వంతెన కట్టినవాళ్ళు వంతెనను చూపిస్తారు. మేడం చూపించడానికేముంది? జరగని ప్రమాదాన్ని ఎవరు చూశారు? ఆ కబురు ఎవరి గుమ్మం దాకా రాకుండా ఆగిందో మనకు తెలియదు, అది మా ఇల్లే కావచ్చు. తెలియదు కాబట్టే ఇన్నేళ్ళూ ఆవిణ్ణి హాయిగా తిట్టుకోగలిగాం.

ఇక అసలు మాట. చైర్మన్ గారూ, మేడం వెళ్ళిపోతున్నారు కాబట్టి ఆ ముప్ఫై బోర్డు తీయించమని ఈ సభలోనే మిమ్మల్ని అడగాలని సంఘం తీర్మానించి నన్ను పంపింది. సంఘం మాట నేనెప్పుడూ జవదాటలేదు. ఈ మాట మాత్రం అడగను. ఆ బోర్డు అక్కడే ఉండాలి. అధ్యక్షుణ్ణి మార్చుకుంటారా, మార్చుకోండి, నాకేం కోపం లేదు. (వెనక వరసల్లో గొణుగుడు) ఏంటి బాబాయ్, ఇప్పుడెవరు చెయ్యెత్తమన్నారు నిన్ను? నువ్వూ నా పక్షమేనా? (చప్పట్లు) సంతోషం బాబాయ్. ఇద్దరమయ్యాం.

మేడం గారూ, ఈ సాయంత్రం నుంచి మీకు ఆఫీసు బండి ఉండదు. ఇంటికి దింపేది నేనే, ఆసుపత్రి గేటు ముందు నుంచే వెళ్తాం. మీరు నా పక్క సీటులో కూర్చోండి. దారి పొడవునా మీ కుడికాలు కదలకపోతే, నాకు తెలిసి మేం చేయగలిగిన సన్మానం అదే. ఓపిగ్గా విన్నవారికీ, ఓపిక పట్టి తిట్టనివారికీ కృతజ్ఞతలు. బండి బయటే ఉంది. సెలవు.