నా మందిరం యాడ?

“ఎస్తేరవ్వా, మన సంఘం పాస్టర్ల జీవితాలు చెప్పవా, జూబిలీ పుస్తకంల వేస్తం. మొదటి పాస్టర్ డేవిడ్ గారితోని మొదలుపెట్టు.”

ఏందీ? మొదటి పాస్టరు డేవిడ్ గారా? ఎవరన్నరు? నీ చేతుల ఉన్న ఆ కాయితం సంఘం ఆఫీసుల ఇచ్చిన్రా? ఏదీ, జర సదువు స్నేహా. ఊఁ... ‘తొలి దినములలో కొందరు పెద్దలు ప్రార్థించిరి.’ కొందరు పెద్దలా! మంచిగున్నది. నీ ఫోన్ల రికార్డు నడుస్తుందా? నడవనియ్యి. వారమంత కంపెనీల కూసుండి, ఐతారం నాడు మన సంఘంల కెమెరా పట్టే పిల్లవు, నీకెట్ల తెలుస్తది. నీ తప్పు కాదు. కూసో, చాయ్ తాగి పోదువు.

మొదటి పాస్టరు యేసుదాసు. రాళ్ళు కొట్టేటోడు. ఇప్పుడు మీ అద్దాల బిల్డింగులున్న కాడంత గుట్టలే ఉండె బిడ్డా. గుట్టలు, సీతాఫలం చెట్లు. పగటీలి నక్కలు తిరిగేటివి... కాదు కాదు, పగటీలి నెమళ్ళు, నక్కలు పొద్దూకినంక. ఆయన కొట్టిన కంకర నేను తట్టల మోసిన. గప్పుడు చాయ్ రూపాయి. మా చిన్నాయన గీడ జాగ సగం ధరకిస్త తీస్కో అంటే, రాళ్ళ జాగ ఏం జేస్కుంటమే అన్నడు మా ఆయన. గా జాగల ఇప్పుడు ఇరవై అంతస్తులు లేచినయి. మా ఆయన తెలివి గట్లుండె, పోనియ్యి. ఏం చెప్తున్న? ఆఁ, యేసుదాసు.

రేకుల షెడ్డు ఆయనే ఏసిండు. వాక్యం పావుగంటనే చెప్తుండె, ఎందుకంటే అంతకు మించితే ఎనుక కూలోళ్ళు గుర్రు పెడ్తుండె. పాట ఎత్తుకుంటే రాగం ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు. ఎవరికన్న పానం బాగలేకుంటే నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఆమెన్ అనంగనే ‘దవాఖానకు పోయినవా?’ అని అడిగేటోడు. గిదేం పాస్టరు, విశ్వాసం లేదా అని నవ్వేటోళ్ళు. నేను కూడ నవ్విన.

ఇగ డేవిడ్ గారు. కోస్తా దిక్కుకెళ్ళి వచ్చిండు, కూకట్‌పల్లిల ఉంటుండె. కీబోర్డు తెచ్చిండు, మైకు తెచ్చిండు, యేసుదాసుకు సాయం చేస్తనని చేరిండు. మస్తు తీయటి మనిషి. ‘ఏమండీ ఎస్తేరమ్మ గారూ’ అనేటోడు. పుట్టి బుద్ధెరిగినంక నన్ను గారు అన్న మొదటి మనిషి గాయననే. తట్టలు మోసేదాన్ని నేను గారునైన! ఇగ ఆయన ఏమంటే అది వేదవాక్కు.

నాకు వరమున్నదని కూడ ఆయనే కనిపెట్టిండు. నీకెర్కనే గదా, ప్రార్థనల ఎవరన్న ఆత్మతోని నిండి తెల్వని భాషల మాట్లాడితే, ఇంకొకరు లేచి దానికి అర్థం చెప్పాలె. ఆ అర్థం చెప్పే వరం నాది. ఎవరు ఏ భాషల మాట్లాడినా నా అర్థం ఒక్కటే ఉండె: ‘దేవుడు మనల్ని ప్రేమిస్తున్నడు, ఇంకా ఎక్కువ ప్రార్థన చెయ్యుండ్రి.’ తప్పేం లేదు గదా అండ్ల? ఎవరు కాదంటరు?

ఒక శనివారం డేవిడ్ గారు మా ఇంటికొచ్చిండు. చాయ్ తాగుకుంట పెద్ద మందిరం నక్ష చూపెట్టిండు. ‘ఈ రేకుల కింద దేవుడికి ఉక్కపోస్తుందండీ ఎస్తేరమ్మ గారూ’ అన్నడు. యేసుదాసు మాత్రం ఒప్పుతలేడట, ముందు కూలోళ్ళ పిల్లలకు ఒక నర్సమ్మను పెడ్దం అంటుండట. నేను అయ్యో అయ్యో అన్న. దేవునికి ఉక్కపోస్తే నర్సమ్మ ఏం జేస్తది?

తెల్లారి ఐతారం. అందరం కండ్లు మూసుకొని ప్రార్థనల ఉన్నం. యేసుదాసు తాగేనీళ్ళ కుండ నింపుకొస్తనని బయటికి పోయిండు. గప్పుడు ఒక ఆడామె గొంతు. స్టేజీ ముందటనే పడి, గుండె పగిలేటట్టు ఒకటే ఒర్రుడు. ‘యాడీ... యాడీ...’ అంటుంది, ఇంకేందేందో అంటుంది. ఆత్మ దిగింది అనుకున్నరు. హల్లెలూయ, చప్పట్లు. డేవిడ్ గారు కీబోర్డు అందుకున్నడు. ఎవరో నా చేతుల మైకు పెట్టిన్రు.

యాడీ, యాడీ అంటుంది గదా? నేను గట్టిగ చెప్పిన: ‘దేవుడు అడుగుతుండు! యాడ? యాడ? నా మందిరం యాడ?’

అబ్బో, ఇగ షెడ్డు లేచింది బిడ్డా! ఒకాయన కింద పడ్డడు. ఇద్దరు బోర్లపడ్డరు. డేవిడ్ గారి కండ్లల నీళ్ళు. గంతట్ల కుండ పగిలిన సప్పుడైంది. యేసుదాసు ఉరికొచ్చిండు. ‘బందు జెయ్యుండ్రి! అది అన్యభాష కాదు, లంబాడి మాట. యాడి అంటే అమ్మ. అమ్మా అని ఏడుస్తుంది ఆమె. సంకల పిల్లకు ఊపిరాడుతలేదు, దవాఖాన చూపెట్టమంటుంది!’ గుట్ట మీద లంబాడోళ్ళతోని రాళ్ళు కొట్టినోడు గదా, ఆయనకా మాట వస్తది. తల్లిని పిల్లను పాత స్కూటర్ ఎక్కించుకొని పోయిండు. మేము? మేము పాట అందుకున్నం.

పిల్ల బతికింది. మూడు దినాలు ఆయన దవాఖాన వరండలనే పండుకుండు. వచ్చేవరకు షెడ్డుకు కొత్త తాళం. ‘ప్రార్థన నడుమ ఆపి ఆత్మను ఆర్పిండు’ అని మీటింగు పెట్టిన్రు. నన్ను పిలిచిన్రు. ‘ఆ మాట ఆత్మే చెప్పించిందా ఎస్తేరమ్మ గారూ?’ అని డేవిడ్ గారు అడిగిండు. ‘అవునండి’ అన్న. చూడు, నా నోట్ల అండి! యేసుదాసు నా దిక్కు చూసిండు. చెప్పులేసుకొని పోయిండు.

తర్వాతిది నీకెర్కనే. పెద్ద మందిరం లేచింది. డేవిడ్ గారు పోయినంక ఇప్పటి లీడ్ పాస్టరు వచ్చిండు, కంపెనీల మేనేజర్ చేసినాయన. మంచోడే పాపం, కాని ప్రార్థన చెయ్యయ్యా అంటే ఫోన్ల స్లాటు చూస్తడు. నేను బతికున్నప్పుడే దొరుకుతదో లేదో! గాయననే నా మాటను విజన్ చేసిండు. లిఫ్టు కాడ బంగారు అక్షరాలు, నువ్వేసుకున్న గీ టీషర్టు లెక్క మీ అందరి బనీన్ల మీద ఇంగ్లీషుల ‘వేర్ ఈజ్ మై హౌస్’. మొన్న ఆ బనీను చూసి ఒకాయన ‘ఫ్లాటు కావాల్నా అమ్మా’ అని నా మనుమరాలికి కార్డు ఇచ్చిండు. నవ్వకు.

యేసుదాసు లింగంపల్లిల స్టేషను ఎనుక కిరాయి అర్రల ఉండె. పదిమంది కూలోళ్ళతోని ప్రార్థన నడిపిచ్చేటోడు. ఒకసారి పోయిన. తప్పొప్పుకుందమనే పోయిన. ‘ఎండల వచ్చినవు ఎస్తేరక్కా’ అని నీళ్ళిచ్చిండు. తాగిన. బాగున్నరా అంటే బాగున్నరా అనుకున్నం. లేచొచ్చిన. మళ్ళ పోయేసరికి బొంద పెట్టిన్రు.

“పోనీ అవ్వా, నీకు లంబాడి భాష తెల్వదు గదా. తెల్వక చెప్పినవు.”

గదే బిడ్డా, గదే అందరు అన్నరు. కండ్లు మూసుకున్నది, ఆమెకెట్ల తెలుస్తది అని. ఇన్నేండ్లు నేను గూడ గదే చెప్పిన. ఇయ్యాల ఫోను నడుస్తుంది గదా, నడవనియ్యి. నేను ఒక కన్ను తెరిచిన. మైకు నోటి కాడికి తెచ్చుకునే ముందే తెరిచిన. లంబాడామె గాజులు కనపడ్డయి. పిల్ల పెదవులు నల్లబడ్డయి, అది కూడ కనపడ్డది. కాని అందరు నా దిక్కు చెవులు పెట్టిన్రు, డేవిడ్ గారు కీబోర్డు ఆపి నా కోసం చూస్తుండు. గంత మందిల లేచి, నాకు అర్థం కాలేదు అని ఎట్ల చెప్పాలె? గారునైతిని గదా. మళ్ళ కన్ను మూసిన.

“అవ్వా... ఇది ఆఫీసోళ్ళు వెయ్యరు.”

వెయ్యకుంటే నాది గూడ వెయ్యద్దను. ‘ప్రవక్తిని ఎస్తేరమ్మ గారు’ అని నాకు ఫుల్ పేజీ అంట గదా, పట్టుచీర కట్టుకొని రమ్మన్నరు. ఆ పేజీ ఆయనకియ్యి. రాళ్ళు కొట్టిండు, ఒక పిల్లను బతికిచ్చిండు అని రాయి. అంతకంటె ఆయన జీవితంల ఏం లేదు, అంతకంటె ఏం కావాలె?

చాయ్ సల్లారింది చూడు, తాగు. సల్లగ బతుకు బిడ్డా. నువ్వు ఏడిస్తే నీ మాట తెలిసినోళ్ళు పక్కనుండాలె నీకు. ఏందీ, ఆ బనీను ఇప్పుతవా? వద్దు వద్దు, ఏసుకో. దాని మీద దేవుని మాట లేదు గాని, ఒక తల్లి అమ్మా అని ఏడిచిన ఏడుపు ఉన్నది.